సామిల్లులో పుట్టిన కారు

1946 వేసవి. ఆస్ట్రియా దక్షిణాన, కరింథియా కొండల్లో గ్మ్యుండ్ అని ఓ చిన్న ఊరు. అక్కడో పాత సామిల్లు. ఒకప్పుడు దుంగలు కోసిన చెక్క షెడ్లలో ఇప్పుడు లేత్ యంత్రాలు తిరుగుతున్నాయి. చుట్టుపక్కల రైతులు పాడైన ట్రాక్టర్లు తెచ్చి గుమ్మంలో పెడుతున్నారు. నీళ్ళ పంపులు, బరువులు లాగే విన్చిలు, బండ్లు... ఏది తెచ్చినా లోపలివాళ్ళు కాదనడం లేదు. యుద్ధం ముగిసి ఏడాది దాటింది. కడుపు నిండటమే గండంగా ఉన్నప్పుడు పనికి ఎంపికలేమిటి?

గ్రీజు చేతులతో ఆ పంపులు విప్పుతున్నవాళ్ళు ఊరి మెకానిక్కులు మాత్రం కారు. పదహారు సిలిండర్ల ఆటో యూనియన్ రేసు కారును గీసింది ఆ గుంపే. తర్వాత లోకమంతా బీటిల్ అని ముద్దుగా పిలుచుకున్న ఫోక్స్‌వాగన్‌ను గీసిందీ వాళ్ళే. చీఫ్ ఇంజినీరు కార్ల్ రాబె ఉన్నాడు. కారుకు ఒళ్ళూ వంపులూ దిద్దే ఎర్విన్ కొమెండా ఉన్నాడు. స్టుట్‌గార్ట్ మీద బాంబులు కురుస్తుంటే 1944లో డ్రాయింగు బల్లలతో సహా ఆఫీసును ఎత్తి ఈ కొండల్లోకి మోసుకొచ్చారు. లేనిది యజమాని. డెబ్బై ఏళ్ళ ఫెర్డినాండ్ పోర్షె ఫ్రెంచివాళ్ళ చెరలో ఉన్నాడు. అల్లుడు ఆంటన్ పీయెఖ్ కూడా ఆయనతోనే.

కొడుకు మాత్రం ఆ వేసవిలో తిరిగొచ్చాడు. పేరు ఆయనదీ ఫెర్డినాండే. ఇంట్లో, ఆఫీసులో అందరికీ ఫెర్రీ. ముప్పయ్యారేళ్ళు. భార్య, నలుగురు మగపిల్లలు. ఫ్రెంచివాళ్ళకు ఓ చవక కారు గీసివ్వాలన్న బేరం మీద ముగ్గురినీ బాడెన్‌బాడెన్‌కు పిలిపించి, 1945 డిసెంబరు 15న అక్కడే అరెస్టు చేశారు. ఫెర్రీని కొన్ని నెలల తర్వాత వదిలారు. ఆ నెలల్లో సామిల్లును, జీతాలను, జెల్ ఆమ్ జేలో ఉన్న ఇంటినీ పొలాన్నీ, పిల్లల మందనూ సంబాళించింది అక్క లూయీజ. రాబెను వెంటబెట్టుకుని బ్రిటిష్ సైనికాధికారుల దగ్గర అనుమతులు తెచ్చుకుంది. తమ్ముడొచ్చేసరికి కంపెనీ అనేది ఒకటి మిగిలి ఉందంటే ఆవిడ చలవే.

ఈ కథలో ఎవరినైనా ముందు పరిచయం చేయాలంటే ఆవిడనే చేయాలి. పుస్తకాల్లో ఎక్కువగా తండ్రీకొడుకులే కనిపిస్తారు.

*

ఆ ఇంటికీ గరాజుకూ మధ్య ఎప్పుడూ గోడ లేదు.

తాత ఆంటన్ పోర్షె బొహీమియాలోని మాఫర్స్‌డోర్ఫ్‌లో రేకు పని చేసే మేస్త్రీ. కొడుకు ఫెర్డినాండ్‌కు రేకు మీద కంటే కరెంటు మీద మోజు. ఆ మోజే అతన్ని వియన్నాకు లాక్కెళ్ళింది. చక్రాల్లోనే మోటార్లు పెట్టిన అతని బ్యాటరీ కారును 1900 నాటి పారిస్ ప్రదర్శనలో జనం వింతగా చూశారు. 1906 కల్లా వీనర్ నాయ్‌స్టాట్‌లో ఆస్ట్రో డైమ్లర్ కంపెనీకి సాంకేతిక అధిపతి అయ్యాడు. కారు గీసినవాడే దాన్ని రేసులో తోలాలని ఆయన పట్టుదల. 1909 సెప్టెంబరు 19న ఫెర్రీ పుట్టిన వేళకు తండ్రి ఇంట్లో లేడు. సెమెరింగ్ కొండ రేసులో కారు తోలుతున్నాడు. కొడుకు పుట్టాడన్న సంగతి ఆయనకు అక్కడే తెలిసింది. ఆ మరుసటి ఏడాది ప్రిన్స్ హైన్రిఖ్ పోటీలో మొదటి మూడు స్థానాలూ ఆస్ట్రో డైమ్లర్ కార్లవే. మొదటి కారు తోలింది ఆయనే.

అలాంటి ఇంట్లో పిల్లల ఆటలెలా ఉంటాయి? ఫెర్రీ పదేళ్ళకే స్టీరింగ్ పట్టాడు. పదకొండో ఏట క్రిస్మస్‌కు తండ్రి అతనికి బుల్లి కారొకటి చేయించి ఇచ్చాడు. రెండు సీట్లు, రెండు సిలిండర్ల నిజం ఇంజను. మేకను కట్టి తోలే బండి ఇస్తారేమోనని ఆశపడుతున్న పిల్లవాడికి చేతికొచ్చింది పెట్రోలు బండి. ఇంట్లో దానికి 'మేకబండి' అన్న పేరే స్థిరపడింది. పన్నెండేళ్ళకు ‘సాషా’ ఎక్కాడు. 1922లో సిసిలీలో టార్గా ఫ్లోరియో రేసులో తన తరగతి గెలిచిన 1100 సీసీ రేసు కారు అది. ఈడు పిల్లలు గాలిపటాలు ఎగరేసుకునే వయసులో ఈ అబ్బాయి గేర్లు మారుస్తున్నాడు. అక్కా తక్కువది కాదు. అయిదేళ్ళు పెద్దదైన లూయీజ కుంచె పట్టి బొమ్మలూ వేసేది, స్టీరింగ్ పట్టి కొండ రేసుల్లో కారూ తోలేది.

1923లో తండ్రి డైమ్లర్ కంపెనీలో చేరడంతో కుటుంబం స్టుట్‌గార్ట్ వచ్చింది. పదహారేళ్ళకే ప్రత్యేక అనుమతితో ఫెర్రీ లైసెన్సు పుచ్చుకున్నాడు. ఇంజినీరింగు కాలేజీ పట్టా లేదు. నేర్చుకున్నదంతా తండ్రి గది గుమ్మంలో నిలబడి, ఆయన మనుషుల వెంట తిరిగి. తండ్రికీ పెద్ద చదువు లేదు కనుక ఆ ఇంట్లో అదొక లోటుగా ఎవరికీ తోచలేదు.

తండ్రికి యజమానులతో పొసగదు. ఖర్చు గురించి ఎవరైనా నోరెత్తితే మండిపడే మనిషి. డైమ్లర్ వదిలేశాడు, తర్వాత స్టైర్ వదిలేశాడు. 1931 ఏప్రిల్‌లో స్టుట్‌గార్ట్ క్రోనెన్ వీధిలో సొంత డిజైన్ ఆఫీసు తెరిచాడు. నూటికి ఎనభై వంతుల వాటా ఆయనది. అల్లుడు పీయెఖ్‌ది పది. మిగిలిన పది వంతులు అడాల్ఫ్ రోజెన్‌బెర్గర్ అనే ఆయనవి. మెర్సెడెస్ కార్లు తోలి పేరు తెచ్చుకున్న రేసు డ్రైవరు ఈ రోజెన్‌బెర్గర్. తెలిసిన వ్యాపారి. చేతిలో డబ్బున్నవాడు. పని దొరకని తొలి నెలల్లో ఆఫీసు దీపాలు వెలగడానికి నూనె పోసింది ఎక్కువగా ఆయనే. పుట్టుకతో యూదుడు.

*

ఇక్కడ కథ నల్లబడుతుంది. కార్లు ప్రేమించేవాళ్ళ ముచ్చట చెబుతూ దీన్ని దాటేసి పోవడం నాకు చేతకాదు.

1933లో హిట్లర్ వచ్చాడు. రేసు కార్లకు సర్కారు డబ్బు వచ్చింది, జనం కారుకు సర్కారు ఆర్డరు వచ్చింది. 1934 జూన్‌లో ఫోక్స్‌వాగన్ ఒప్పందం కుదిరింది. తొలి నమూనాలు కట్టింది కర్మాగారంలో కూడా కాదు, పోర్షె ఇంటి గరాజులో. ఫాయర్‌బాఖర్ వేగ్ మీద ఉన్న ఆ బంగళా గరాజులో యంత్రాలు దించి, ఇంటి వెనకాలే బీటిల్‌కు ప్రాణం పోశారు. వాటిని రోడ్ల మీద వేల కిలోమీటర్లు తిప్పి పరీక్షించే పని ఫెర్రీది. అతనికది ఉద్యోగమూ, పండగా.

రోజెన్‌బెర్గర్ 1933లోనే మేనేజరు కుర్చీ ఖాళీ చేయవలసి వచ్చింది. 1935లో ఆయన పది వంతుల వాటాను నామమాత్రపు ధరకు, మూడు వేల మార్కులకు తీసుకున్నారు. తీసుకున్నది ఫెర్రీ. ఆ ఏడాదే సెప్టెంబరులో రోజెన్‌బెర్గర్‌ను నాజీలు పట్టుకెళ్ళి కిస్లావు నిర్బంధ శిబిరంలో పడేశారు. ఆయన తర్వాత మేనేజరుగా వచ్చిన బారన్ ఫెయ్‌డర్ మాల్‌బెర్గ్ తిరిగి తిరిగి విడిపించాడు. ఆ తర్వాత రోజెన్‌బెర్గర్ దేశం విడిచి ఫ్రాన్సుకూ, చివరికి అమెరికాకూ వెళ్ళిపోయాడు.

1938 మే 26న ఫాలర్స్‌లేబెన్ దగ్గర ఫోక్స్‌వాగన్ కర్మాగారానికి శంకుస్థాపన. సభ ముగిశాక హిట్లర్‌ను టాపు లేని బీటిల్‌లో కూర్చోబెట్టుకుని రైలు స్టేషను దాకా తోలినవాడు ఫెర్రీ. తర్వాత ఎస్.ఎస్. సభ్యుడూ అయ్యాడు. యుద్ధంలో తండ్రి ట్యాంకులు గీశాడు. బావ పీయెఖ్ నడిపిన ఫోక్స్‌వాగన్ కర్మాగారంలో వేలాదిమందిని బలవంతంగా తెచ్చి వెట్టి చేయించారు. ఆ కుటుంబానికి రాజకీయాలు పట్టవని, ఇంజన్లే లోకమని తర్వాత చాలామంది సమర్థించారు. ఇంజను తప్ప మరేదీ కంటికి ఆనకపోవడమే నేరమైన కాలం అది.

అయితే సర్కారు దగ్గర కూడా తీరని కోరిక ఒకటి ఆ ఇంట్లో ఉండేది. సొంత పేరుతో ఓ స్పోర్ట్స్ కారు. బీటిల్ భాగాలతో కట్టుకుంటాం, భాగాలు అమ్మండని అడిగితే ప్రైవేటు కంపెనీకి అమ్మేది లేదన్నారు. బెర్లిన్ నుంచి రోముకు రేసు పెడుతున్నామనేసరికి మళ్ళీ దారి దొరికింది. టైప్ 64 అని నీటిబొట్టు ఆకారంలో మూడు కార్లు కట్టారు. 1939 సెప్టెంబరులో రేసు జరగాలి. ఆ నెలలోనే యుద్ధం మొదలైంది. రేసు లేదు. వాటిలో ఒకటి జెల్ ఆమ్ జేలో కుటుంబం దగ్గరే మిగిలింది. 1945లో అమెరికన్ సైనికులకు అది కంటబడింది. వాళ్ళు టాపు కోసేసి, సరదాగా తిప్పి, ఇంజను బిగుసుకుపోయాక వదిలేశారు.

*

మళ్ళీ సామిల్లుకు వద్దాం.

ఫెర్రీ ముందున్న పని కారు కాదు, తండ్రి. ముసలాయన్ని పారిస్‌లో కొన్నాళ్ళు రెనో వాళ్ళ కొత్త చిన్న కారు మీద సలహాలకు వాడుకుని, తర్వాత దిజాన్ జైల్లో పెట్టారు. చలికాలం, చలి గది, డెబ్బై దాటిన ఒళ్ళు. విచారణ ఊసే లేదు. బెయిలు మాత్రం ఇస్తామన్నారు. మామా అల్లుళ్ళిద్దరికీ కలిపి పది లక్షల ఫ్రాంకులు. పంపులు బాగుచేసి ఆ సొమ్ము ఎప్పటికి కూడబెట్టాలి?

దారి ఇటలీ నుంచి వచ్చింది. ట్యూరిన్‌లో పియేరో దూజియో అనే సంపన్నుడు చిసిటాలియా అని కార్ల కంపెనీ పెట్టాడు. అతనికి గ్రాన్‌ప్రీ కారు కావాలి. లోకంలో ఎవరికీ లేనిది కావాలి. కార్లో అబార్థ్, రుడాల్ఫ్ హ్రుష్కా అనే ఇద్దరు పాత పరిచయస్థులు మధ్యలో నిలబడి బేరం కుదిర్చారు. సామిల్లులో పంపుల బిల్లుల పక్కనే కొత్త డ్రాయింగులు పరుచుకున్నాయి. ఒకటిన్నర లీటర్ల ఇంజను, సూపర్‌చార్జరు, ఎదురెదురుగా పడుకోబెట్టిన పన్నెండు సిలిండర్లు. ఇంజను డ్రైవరు వెనక. అవసరమైనప్పుడు నాలుగు చక్రాలకూ శక్తి. కాయితం మీద చూస్తే ఆ కాలానికి ఇరవై ఏళ్ళు ముందున్న కారు.

దూజియో డబ్బు బెయిలుకు అక్కరకొచ్చింది. రేసు డ్రైవరు లూయీ షిరోన్, ఫ్రెంచి మోటారు పత్రికల పెద్దమనిషి షార్ల్ ఫారూ మధ్యవర్తులుగా నిలిచి సొమ్ము చేరాల్సిన చోటికి చేర్చారు. 1947 ఆగస్టు 1న ఇద్దరినీ విడిచిపెట్టారు. కారు ప్రేమికుల కుటుంబం పెద్దాయన్ని కారు గీసి విడిపించుకుంది. సినిమాలో చూపిస్తే నమ్మం.

ఇంటికొచ్చిన ఫెర్డినాండ్ పోర్షె పాత మనిషి కాదు. నీరసించాడు. కేకలు తగ్గాయి. అయినా సామిల్లుకు వచ్చి చిసిటాలియా డ్రాయింగులు ఒక్కొక్కటీ తిరగేశాడు. తాను గీసినా ఒక్క మర కూడా వేరేగా పెట్టేవాణ్ణి కాదని మెచ్చుకున్నట్టు ఆ ఇంట్లో చెప్పుకుంటారు. ఖర్చు మీదా, తప్పు మీదా మండిపడే తండ్రి దగ్గర అంతకు మించిన మార్కులేముంటాయి! పాపం చిసిటాలియా మాత్రం డబ్బు చాలక చతికిలబడింది. ఆ కారు ఒక్క గ్రాన్‌ప్రీలోనూ పరుగెత్తలేదు.

*

తండ్రి జైల్లో ఉండగానే ఫెర్రీ మనసులో ఇంకో కారు పడింది. డ్రాయింగుల మీద తేదీ 1947 జూలై 17. విడుదలకు రెండు వారాల ముందు.

ఆ ఆలోచన ఎక్కణ్ణుంచి వచ్చిందో ఫెర్రీ తర్వాత చాలాసార్లు చెప్పుకున్నాడు. యుద్ధకాలంలో సూపర్‌చార్జరు బిగించిన ఓ బీటిల్ అతని దగ్గర ఉండేది. పెద్ద ఇంజనుతో కదిలే పెద్ద కారు కంటే, బరువు తక్కువైన చిన్న కారుకు కాస్త ఎక్కువ బలం పోస్తే నడపడంలో సరదా ఎక్కువని అతనికి అందులోనే తెలిసింది. తనకు కావలసిన కారు బజారులో కనిపించలేదు. కనుక తానే కట్టుకోవాలి. వినడానికి ఇంతే. ట్రాక్టరు బాగుచేయించుకునే రైతు దగ్గర కూడా డబ్బుల్లేని ఊళ్ళో, పెట్రోలు రేషను మీద దొరికే దేశంలో, ఇద్దరు మాత్రమే కూర్చునే టాపు లేని కారు గీయాలంటే ఎంత మొండితనం ఉండాలి! రాబె దగ్గర్నుంచి మేస్త్రీల దాకా ఎవరూ వద్దనలేదు. ఏడాదిగా పంపులు విప్పుతున్న చేతులకు ఆ పిచ్చి పనే కావాల్సి వచ్చిందేమో.

ప్రాజెక్టు నంబరు 356. ఇంజను బీటిల్‌దే: గాలితో చల్లబడే నాలుగు సిలిండర్లు, 1131 సీసీ. సిలిండర్ హెడ్లను తమకు నచ్చినట్టు దిద్దుకుని 25 హార్స్‌పవర్‌ను 35 చేశారు. బీటిల్‌లో ఇంజను వెనక ఇరుసుకు అవతల వేలాడుతుంది. ఫెర్రీ దాన్ని ముందుకు తిప్పి, ఇరుసుకు ఇవతల, డ్రైవరు వీపు వెనకే పెట్టించాడు. బరువు కారు నడిమధ్యకు వస్తే మలుపులో కారు చెప్పిన మాట వింటుంది. చట్రం సన్నటి ఉక్కు గొట్టాలతో అల్లారు. ముందు ఒళ్ళు లేకుండానే, ఉత్త చట్రం మీద సీట్లు బిగించి, 1948 తొలి నెలల్లో కొండ రోడ్ల మీదికి తోలుకుపోయారు. గ్మ్యుండ్ పక్కనే కాట్ష్‌బెర్గ్ కనుమ. నిలువునా ఎక్కే దారి. వేరే పరీక్షా మైదానం ఎందుకు?

ఒళ్ళు కొమెండా గీశాడు. అల్యూమినియం రేకును సుత్తితో కొట్టి కొట్టి ఆ గీతను తెచ్చినవాడు ఫ్రీడ్రిఖ్ వేబర్ అనే మేస్త్రీ. ప్రెస్సు యంత్రం లేదు. తాత రేకుల మేస్త్రీ అని మొదట్లో చెప్పాను కదా. మనవడి మొదటి కారు కూడా సుత్తి దెబ్బల్లోంచే లేచింది.

పిల్లలకు అదంతా తిరునాళ్ళు. ఫెర్రీ పెద్దకొడుకు ఫెర్డినాండ్ అలెక్సాండర్‌ను ఇంట్లో బుట్సీ అనేవారు. పన్నెండేళ్ళు. సామిల్లులోనూ, డ్రాయింగు గదిలోనూ అతనిదే తిరుగుడు. లూయీజ కొడుకు ఫెర్డినాండ్ పీయెఖ్ ఏడాదిన్నర చిన్న. తాత పేరే అందరికీ పెట్టుకోవడం వల్ల ఆ ఇంట్లో ‘ఫెర్డినాండ్!’ అని పిలిస్తే ఎంతమంది పలికేవారో! ఇద్దరు బావమరుదుల్లో ఒకడు తర్వాత 911 కారు రూపం దిద్దాడు. ఇంకొకడు లె మాన్ రేసును గెలిచిన 917 కారును కట్టించి, ఆపైన ఫోక్స్‌వాగన్ సంస్థకే అధిపతి అయ్యాడు. వాళ్ళ బడి ఆ చెక్క షెడ్లలోనే మొదలైంది.

1948 జూన్ 8న కరింథియా సర్కారు ఆ కారుకు రోడ్డెక్కే అనుమతి ఇచ్చింది. నంబరు కె 45 286. బరువు 585 కిలోలు. వేగం గంటకు 135 కిలోమీటర్లు. ముక్కు మీద పోర్షె అని అక్షరాలు. అన్నేళ్ళుగా ఎవరెవరి పేర్ల మీదో కార్లు గీసిన కుటుంబం సొంత పేరు రాసుకున్న మొదటి కారు అది.

జూలై 4న స్విట్జర్లాండులో బెర్న్ దగ్గర గ్రాన్‌ప్రీ జరుగుతుంటే అక్కడి మోటారు పత్రికల విలేఖరులకు దాన్ని తోలమని ఇచ్చారు. మలుపుల్లో దాని పట్టును వాళ్ళు మెచ్చుకున్నారు. జూలై 11న ఇన్స్‌బ్రుక్ వీధుల్లో రేసు. తోలింది డ్రైవరుగా అద్దెకు తెచ్చుకున్న మనిషి కాదు. ఫెర్రీ మేనమామ కొడుకు హెర్బర్ట్ కేస్. తన తరగతిలో మొదటివాడుగా వచ్చాడు. గీసింది ఇంటివాళ్ళు, కట్టింది ఇంటివాళ్ళు, తోలింది ఇంటివాడు.

ఆపైన ఆ కారును అమ్మేశారు. జ్యూరిక్‌లో ఫన్ జెంగర్ అనే కొనుగోలుదారు ఏడు వేల స్విస్ ఫ్రాంకులు ఇచ్చాడు. కలలు కని కట్టుకున్న కారు ఇంట్లో ఓ వేసవైనా సరిగ్గా ఉండలేదు. ఆ రోజుల్లో స్విస్ ఫ్రాంకు ఉంటేనే రేకూ దొరికేది, భాగాలూ దొరికేవి. కార్ల పిచ్చివాళ్ళు కార్లను దాచుకుంటారని మనమనుకుంటాం. ఫెర్రీ అమ్మి, తర్వాతది మొదలుపెట్టాడు.

*

రెండో రకం 356లో అసలు మార్పు కారు ప్రేమికుడు చేసింది కాదు, ఇల్లు నడిపే మనిషి చేసింది. ఇంజను నడుమ ఉంటే మలుపులు బాగుంటాయి. కానీ పెట్టె పెట్టుకోవడానికి చోటేదీ? పిల్లవాడు ఎక్కడ కూర్చోవాలి? గొట్టాల చట్రం అల్లడమూ ఖర్చే. ఫెర్రీ ఇంజనును మళ్ళీ బీటిల్‌లో లాగే ఇరుసు వెనక్కి నెట్టేశాడు. రేకు పెట్టె లాంటి చట్రం పెట్టాడు. దాంతో ముందు సీట్ల వెనక కాస్త జాగా దొరికింది. పెద్దవాళ్ళు ముడుచుకున్నా పట్టరు. ఇద్దరు చిన్నపిల్లలు, లేదా రెండు పెట్టెలు.

ఆ బుల్లి వెనక సీట్లను చూసి శుద్ధమైన స్పోర్ట్స్ కారు మనుషులు నవ్వుకున్నారు. నాకు మాత్రం ఈ కథ మొత్తంలో తెలివైన నిర్ణయం అదేననిపిస్తుంది. ఆదివారం రేసులో తోలిన కారునే సోమవారం పనికి తీసుకెళ్ళాలి, పిల్లల్ని ఎక్కించుకోవాలి, మంచులో కనుమ దాటాలి. నలుగురు పిల్లల తండ్రి గీస్తే కారు అలా ఉంటుంది. 1963లో బుట్సీ దిద్దిన 911కూ వెనక అలాంటి సీట్లే. ఈనాటికీ చాలావాటికి ఉన్నాయి.

అలా గ్మ్యుండ్‌లో యాభై చిల్లర కార్లు కట్టారు. అన్నీ చేతి పనే, అన్నీ అల్యూమినియమే. 1949 మార్చిలో జెనీవా ప్రదర్శనలో పెట్టారు. ఈలోగా 1948 సెప్టెంబరులో ఫోక్స్‌వాగన్ అధిపతి నోర్డ్‌హాఫ్‌తో ఒప్పందం కుదిరింది. తయారయ్యే ఒక్కో బీటిల్ మీద కొద్దిపాటి రాయల్టీ, స్పోర్ట్స్ కారుకు భాగాలు, ఆస్ట్రియాలో ఫోక్స్‌వాగన్లు అమ్మే హక్కు. ఆ అమ్మే హక్కును లూయీజ తీసుకుంది. సాల్జ్‌బర్గ్‌లో ఆమె నిలబెట్టిన సంస్థ ఆ దేశంలోకెల్లా పెద్ద కార్ల వ్యాపారమైంది. తమ్ముడి కల కాళ్ళు నేలకు ఆనించింది ఈ ఒప్పందమే. బీటిల్ అమ్ముడైనప్పుడల్లా స్పోర్ట్స్ కారు షెడ్డుకు నాలుగు రాళ్ళు.

1950లో కారు పని స్టుట్‌గార్ట్‌కు తిరిగొచ్చింది. సొంత షెడ్లలో అమెరికన్ సైన్యం ఉంది. కనుక కారు ఒళ్ళు తయారుచేసే రాయ్టర్ కంపెనీలో జాగా అద్దెకు తీసుకుని మొదలుపెట్టారు. అల్యూమినియం పోయి ఉక్కు వచ్చింది. అయిదువందల కార్లు అమ్ముడైతే చాలని ఫెర్రీ లెక్క. 1965లో 356 ఆగిపోయే నాటికి డెబ్బై ఆరు వేలు దాటాయి. ఆశ తక్కువ పెట్టుకోవడంలో ఇంత పొరబడినవాడు వ్యాపారంలో అరుదు.

1950 సెప్టెంబరు 3న తండ్రికి డెబ్బై అయిదేళ్ళు. పుట్టినరోజుకు నల్లటి 356 ఇచ్చారు. దాని పేరూ ‘ఫెర్డినాండ్’. అక్టోబరులో తండ్రీకొడుకులిద్దరూ పారిస్ కార్ల ప్రదర్శనకు వెళితే అక్కడ షార్ల్ ఫారూ కలిశాడు. జైలు నుంచి తప్పించిన మనిషే ఇప్పుడు లె మాన్ రేసు పెద్ద. వచ్చే ఏడు మీ కారు పంపండన్నాడు. ఆ తర్వాతి నెలలోనే పెద్దాయనకు పక్షవాతం వచ్చింది. 1951 జనవరి 30న కన్నుమూశాడు. జూన్‌లో లె మాన్‌కు పోర్షె కారు వెళ్ళింది. ఉక్కు కారు కాదు, సామిల్లులో సుత్తితో కొట్టిన తేలికపాటి అల్యూమినియం కారు. వెయ్యే, మూష్ అనే ఇద్దరు ఫ్రెంచివాళ్ళు ఇరవై నాలుగు గంటలు తోలి 1100 సీసీ తరగతి గెలిచారు. పోర్షె పేరు అప్పటి నుంచి ఆ రేసును వదల్లేదు.

ఇంకో లెక్క తేలవలసి ఉండింది. అమెరికాలో అలన్ రాబర్ట్ అని పేరు మార్చుకుని బతుకుతున్న రోజెన్‌బెర్గర్ తన పది వంతుల కోసం యుద్ధం తర్వాత దావా వేశాడు. 1950లోనే రాజీ కుదిరింది. వాటా తిరిగి రాలేదు. యాభై వేల మార్కులు ఇస్తామన్నారు, వాటితో పాటు ఓ కారు. ఏ కారో ఆయన ఇష్టానికే వదిలారు: మేలురకం ఫోక్స్‌వాగనైనా సరే, కొత్త పోర్షె 356 అయినా సరే. ఆ కంపెనీ మొదటి రోజుల్లో దాన్ని తన డబ్బుతో నిలబెట్టిన రేసు డ్రైవరు ఫోక్స్‌వాగన్ తీసుకున్నాడు.